స్టోరు రూము అని నేను రాసిన తలుపు

జైల్లో ఖైదీ మృతిపై విచారణ జరుపుతున్న మేజిస్ట్రేటు ఎదుట పదకొండో సాక్షి ఇచ్చిన వాంగ్మూలం. సాక్షి కోరిక మీద అతని పేరు, ఇంటి చిరునామా వేరే కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీలు వేశాం. ప్రమాణం చేయించాక సాక్షి చెప్పినది చెప్పినట్టు రాసుకున్నాం.

నా వయసు యాభై రెండు. వృత్తి బోర్డులు రాయడం, గోడలకీ తలుపులకీ రంగులు వెయ్యడం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. ఊళ్లో నన్ను బోర్డులాయన అంటారు. పదో తరగతి తప్పాను గానీ అక్షరం మాత్రం తప్పు రాయను. ఫ్లెక్సీలు వచ్చాక కొట్లవాళ్లు నా మొహం చూడటం మానేశారు. పెద్ద పని అంటూ జైలు ఒక్కటే మిగిలింది.

జైలుకి తనిఖీ ఉందంటే నాకు కబురొస్తుంది. పదేళ్లుగా అంతే. "మళ్లీ ముస్తాబా మీ జైలమ్మకి?" అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. ఇదివరకు తనిఖీకి వచ్చేవాళ్లు ఆ శాఖ ఆఫీసర్లే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఉండేది. పొద్దున ఖైదీలకి కొత్త దుప్పట్లు ఇచ్చేవాళ్లు, సాయంత్రం లెక్కపెట్టుకుని తీసుకునేవాళ్లు. నేను చూశాను. చూసి నా నిచ్చెన నేను భుజాన వేసుకుని ఇంటికెళ్లాను.

ఈసారి వచ్చేవాళ్లు వేరే రకమని హెడ్ వార్డరు చెప్పాడు. కోర్టు వేసిన కమిటీ. అందులో సర్కారు మనిషి ఒక్కడూ లేడు. రిటైరైన డాక్టరమ్మ ఒకావిడ, ఒక లాయరు, ఒక బడి పంతులు. చెప్పకుండా వస్తారు, ఏ తలుపైనా తియ్యమంటారు, వార్డరు పక్కన లేకుండా ఖైదీతో మాట్లాడతారు. చెప్పకుండా వచ్చేవాళ్లు వస్తున్నట్టు మీకెలా తెలిసింది సార్ అని అడిగాను. గేటు పాసులకి మూడు రోజుల ముందు పేర్లు పంపాలయ్యా, పంపారు అని నవ్వాడు.

గత నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం ఎనిమిదిన్నరకి జైలు గేటు దగ్గరికి వెళ్లాను. ఆ రోజంతా వరండాలకి సున్నం వేశాను. మెయిన్ వరండాలో ఖైదీల హక్కుల బోర్డు ఉంది. ఆరేళ్ల కింద నేను రాసిందే. వెలిసిన అక్షరాలు దిద్దాను. ఆరింటికి ఇంటికి పంపేస్తూ, రేపు పొద్దున ఆరుకల్లా రావాలని హెడ్ వార్డరు చెప్పాడు.

పదిహేనో తేదీ, బుధవారం, ఆరింటికి వెళ్లాను. నన్ను మూడో బ్లాకు చివరికి తీసుకెళ్లాడు. వంటశాల వెనక మలుపు తిరిగితే చివరి గది. ఒకప్పుడు అది ఊచల తలుపు. ఊచల మీద ఇనప రేకు వెల్డింగు చేసి మూసేశారు. వెల్డింగు మచ్చలు ఇంకా కొత్తగా ఉన్నాయి. తలుపుకి పైన వెంటిలేటరు ఉంది. జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు, దానికి ఇనప రేకు మూత. నేల నుంచి ఏడడుగులు ఉంటుంది. స్టూలు ఎక్కితే తప్ప నాకు అందదు.

"ఈ తలుపుకి ఆకుపచ్చ ఎనామిల్ కొట్టు. మీద తెల్లరంగుతో స్టోరు రూము అని రాయి. పదింటికల్లా అయిపోవాలి" అన్నాడు.

ఎనామిల్ ఆరడానికి ఆరేడు గంటలు పడుతుంది సార్, పదింటికి ఆరదు అన్నాను.

"ఆరకపోతే ఇంకా మంచిది" అన్నాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆరూ నలభైకి మొదలుపెట్టాను. రంగు కిందికి కారుతుంది గనక పైనుంచే మొదలుపెట్టాలి. స్టూలెక్కి వెంటిలేటరు మూత ఎత్తి చట్రానికి రంగు కొడుతుంటే లోపల ఎవరో దగ్గారు. ఉలిక్కిపడ్డానని చెప్పను. జైల్లో తలుపు వెనక మనిషి ఉండటం వింత కాదు. స్టోరు రూములో ఉండటం వింత.

లోపల చీకటి. మనిషి ఆనవాలు కూడా సరిగా తెలియలేదు. గొంతు మాత్రం వినిపించింది.

"ఎవరన్నా పైన?"

"పెయింటర్ని."

"ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"కంటికి మంచిదంటారు. నా కంటికి కాదులే, బయటివాళ్ల కంటికి. ఏం రాస్తావు మీద?"

స్టోరు రూమని రాయమన్నారు అని చెప్పాను. నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు.

"అయితే నేను సరుకునన్నమాట. ఏం సరుకునో? సబ్బునా, చీపురునా?"

"నీ గొంతు చూస్తే చీపురే తమ్ముడూ" అన్నాను. మేమిద్దరం నవ్వుకున్నాం. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇది ముందుకి కావాలి.

తన సంగతి చెప్పాడు. శిక్ష పడినవాడు కాదు, విచారణ ఖైదీ. రెండేళ్లయినా కేసు కదల్లేదు. బారక్‌లో అందరికీ అర్జీలు రాసిపెడతాడట, అందుకని అర్జీలాయన అంటారట. కమిటీ వస్తుందని తెలిసి పదిహేడు మంది తరఫున ఒక కాగితం రాశాడు. నీళ్ల గురించి, కొట్టడం గురించి, మందు అందక చచ్చిపోయిన ముసలాయన గురించి. ఆ కాగితం ఫిర్యాదుల కోసం కమిటీ పెట్టించిన పెట్టెలో వేశాడు. పెట్టె కమిటీదే గానీ తాళం చెవి జైలరు దగ్గరుంది. ఆదివారం పొద్దున వేస్తే ఆదివారం సాయంత్రానికి ఈ గదిలో ఉన్నాడు. ఇవన్నీ ఆయన చెప్పినవి. నేను కళ్లతో చూసినవి కావు.

"హక్కుల బోర్డు రాసింది నువ్వేనా అన్నా?" అని అడిగాడు.

"నేనే."

"రోజూ చదువుతాను. నాలుగోది గాలీ వెలుతురూ. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి."

నాకు సంతోషం వేసింది. నిజం చెబుతానని ప్రమాణం చేశాను గనక ఇదీ చెబుతున్నాను. ఏళ్లయింది నా అక్షరాన్ని ఒకరు మెచ్చుకుని. ఆయన గాలి వచ్చే చోట రంగు కొడుతూ సంతోషపడ్డాను.

తరవాత ఆయన, "నాకు ఆయాసం ఉంది. పీల్చే మందు వాళ్లు లాక్కున్నారు. ఈ వాసన నాకు పడదు. ఆ మూత మాత్రం వెయ్యకన్నా" అన్నాడు. రెండు గంటల్లో వాసన పోతుందిలే తమ్ముడూ అన్నాను. అది అబద్ధం. మూసిన గదిలో ఎనామిల్ వాసన రెండు రోజులకి కూడా పోదు. ఎవరింట్లో రంగు వేసినా తలుపులన్నీ బార్లా తీసి ఉంచమని, ఉబ్బసం ఉన్నవాళ్లని ఆ రాత్రికి వేరేచోట పడుకోమని నేనే చెబుతాను. నాకు తెలియక కాదు.

"వాళ్లొచ్చినప్పుడు నువ్విక్కడే ఉంటావా?" అని అడిగాడు.

"ఉండమన్నారు."

"అయితే నేను తలుపు మూడుసార్లు కొడతాను. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు. లోపల మనిషున్నాడని. మిగతాది వాళ్లు చూసుకుంటారు. ఒక్క మాట."

"సరే తమ్ముడూ" అన్నాను.

సరే అన్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఎనిమిదీ పదికి హెడ్ వార్డరు వచ్చాడు. లోపలి దగ్గు విన్నాడు. "పైది కూడా మూసి అంచులకి రంగు పట్టించు" అన్నాడు. అతుక్కుపోతుంది సార్, లోపలాయనకి ఆయాసమట అన్నాను.

"నువ్వు డాక్టరువా, పెయింటరువా?"

"పెయింటర్ని సార్."

"అయితే రంగు కొట్టు."

మూత వేశాను. నా చేత్తోనే వేశాను. అంచుల సందుల్లోకి దిగేలా దట్టంగా రెండు పూతలు కొట్టాను. ఎనిమిదీ నలభైకి అయిపోయింది. లోపల్నుంచి "అన్నా, మూత" అని ఒకసారి వినిపించింది. నేను స్టూలు దిగాను. తొమ్మిది నుంచి తొమ్మిదీ ముప్పావు దాకా తడి మీదే, రంగులు కలవకుండా తేలిక చేత్తో అక్షరాలు రాశాను. స్టోరు రూము. నాలుగక్షరాలే. చక్కగా వచ్చాయి. తలుపు ముందు 'తడి రంగు, తాకరాదు' అని అట్ట వేలాడదీయమన్నారు. అదీ నేనే రాశాను. డబ్బా, బ్రష్షు పట్టుకుని తలుపు పక్కన నిలబడమన్నారు. పని నడుస్తున్నట్టు కనపడాలి గనక.

పదకొండూ ఇరవైకి కమిటీ వచ్చింది. ముందు జైలరు, వెనక డాక్టరమ్మ, లాయరు, పంతులు. పంతులుగారు ప్రతి గదీ కాగితం మీద టిక్కు పెట్టుకుంటున్నారు. డాక్టరమ్మ ఆగింది.

"జాబితాలో ఈ బ్లాకుకి పన్నెండు గదులున్నాయి. నేను పదకొండే చూశాను" అంది.

"పన్నెండోది ఇదేనమ్మా. కురుస్తోందని స్టోరు చేశాం" అన్నాడు జైలరు.

"తియ్యండి."

"తాళం చెవి స్టోరు గుమాస్తా దగ్గరుందమ్మా, ఇవాళ సెలవు. పైగా తడి రంగు, మీ చీర పాడవుతుంది."

ఆవిడ చూపుడువేలితో తలుపు ముట్టుకుంది. వేలికంటిన ఆకుపచ్చ చూసుకుంది. తరవాత నా వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు చెప్పండి. ఇందులో ఏముంది?"

ఆ జైల్లో పదేళ్లలో నన్ను మీరు అన్న మనిషి ఆవిడొక్కతే.

అప్పుడు లోపల్నుంచి తలుపు మీద కొట్టిన చప్పుడు వచ్చింది. ఒకటి, రెండు, మూడు. గట్టిగా కాదు. ఊపిరాడనివాడి చెయ్యి ఎంత గట్టిగా కొడుతుంది?

మా పనిలో ఒక అలవాటుంది. బ్రష్షుకి రంగు ఎక్కువైతే డబ్బా అంచు మీద కొట్టి దులుపుతాం. టకటకమని చప్పుడవుతుంది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే చేస్తుంది. నా చెయ్యి డబ్బా అంచు మీద బ్రష్షు కొట్టింది. మూడుసార్లు. అలవాటే అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అప్పుడు బ్రష్షుకి రంగు లేదు. పది గంటలకే కడిగేశాను. పొడి బ్రష్షు.

"ఏమిటా చప్పుడు?" అంది డాక్టరమ్మ.

"బ్రష్షు దులుపుతున్నానమ్మా."

"లోపల?"

"చీపుర్లమ్మా" అన్నాను.

చీపుర్లమ్మా అన్నాను. ఆయన జోకుగా అన్న మాటే నా నోటికొచ్చింది. వేరే మాట వెతుక్కునే కష్టం కూడా పడలేదు.

ఆవిడ తల ఊపింది. జైలరు మాట నమ్మలేదు. నమ్మి ఉంటే నన్ను అడిగేది కాదు. నా మాట నమ్మింది. కూలివాడు, వీడికి అబద్ధం చెప్పాల్సిన పనేముంది అనుకుని ఉంటుంది. పంతులుగారు కాగితం మీద టిక్కు పెట్టుకున్నారు. పదకొండూ ఇరవయ్యారుకి మలుపు దాటి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక మళ్లీ మూడుసార్లు కొట్టాడు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

ఎవరైనా బెదిరించారా అని తమరు అడిగారు. లేదు. అదే నా ఖర్మ. బెదిరించి ఉంటే చెప్పుకోడానికి ఒక సాకన్నా ఉండేది. ఎవరేం రాయమంటే అది రాసేవాణ్ణి నేను. 'ఇచ్చట స్వచ్ఛమైన పాలు దొరుకును' అని ఎన్ని కొట్లకి రాశాను, ఒక్కచోటన్నా ఆ పాలు తాగి చూశానా? 'మా వద్ద మోసం లేదు' అని రాశాను. అక్షరం తప్పు లేకపోతే చాలు, మాట ఎవరిదైతే నాకేం అనుకుంటూ బతికాను. ఆవిడ అడిగినప్పుడు కూడా బోర్డు మీద ఉన్నదే చదివాను. ఇంతకు మించి కారణం నాకు దొరకలేదు, దొరికితే నాకూ తెలుసుకోవాలనుంది.

పన్నెండున్నరకి నన్ను పంపేశారు. ఇంటికెళ్లి స్నానం చేశాను. "ఇవాళ ఏం రాశారు?" అని మా ఆవిడ అడిగింది. స్టోరు రూమన్నాను. భోజనం పెడితే తిన్నాను. తినలేదని చెబితే బాగుండేది గానీ తిన్నాను. మధ్యాహ్నం పడుకుని నిద్ర కూడా పోయాను.

పదిహేడో తేదీ, శుక్రవారం పొద్దున, టీ కొట్టు దగ్గర పేపర్లో చదివాను. విచారణ ఖైదీ ఒకరు గురువారం తెల్లవారుజామున జైలు ఆస్పత్రిలో జ్వరంతో చనిపోయాడని, సోమవారం నుంచి ఆస్పత్రిలోనే చికిత్స పొందుతున్నాడని రాశారు. గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశాను. పద్దెనిమిదో తేదీ హెడ్ వార్డరు మా ఇంటికొచ్చి టైపు చేసిన కాగితం ఇచ్చాడు. ఆ గది చాలాకాలంగా స్టోరేనని, అందులో మనిషి అలికిడి నేను వినలేదని అందులో ఉంది. చదివే సంతకం పెట్టాను. తమరి దగ్గరున్న ఆ కాగితం మీది సంతకం నాదే.

తమరు ఇందాక ఫొటో చూపించారు. గుర్తుపట్టలేను. ఆయన మొహం నేను ఎన్నడూ చూడలేదు. గొంతయితే వెయ్యి మందిలో ఉన్నా గుర్తుపడతాను. గొంతుకి ఫొటో ఉండదు కదా.

మొదట అలా సంతకం పెట్టి, ఇవాళ ఎందుకు వచ్చావని అడిగారు. మనసు మారి రాలేదు. మనసు మారేవాణ్ణయితే మూడు వారాల కిందటే వచ్చేవాణ్ణి. ఇవాళ ఒకటి చూశాను గనక వచ్చాను.

కమిటీ ఎల్లుండి మళ్లీ వస్తోందట. ఈసారి పన్నెండు గదులూ తెరిచి చూపించాలని కోర్టు చెప్పిందట. ఇవాళ ఉదయం ఎనిమిదింటికి నన్ను పిలిపించారు. స్టోరు రూము చెరిపేసి 'పుస్తకాల గది' అని రాయాలి, వెంటిలేటరు మూత తెరుచుకునేలా చెయ్యాలి, లోపలికి వెలుతురు రావాలి. పుస్తకాలు బుట్టల్లో తెచ్చి వరండాలో పెట్టారు. పైన పటారం, లోన లొటారం.

తొమ్మిదీ పావుకి స్టూలెక్కాను. మూత చుట్టూ రంగు నేను కొట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఎక్కడా పగలలేదు. అంటే ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ తియ్యలేదు. బ్లేడుతో అంచులు కోసి మూత ఎత్తాను. నేను దట్టంగా కొట్టిన రంగు సందుల్లోంచి లోపలికి దిగి, లోపలి అంచు మీద రెండు వేళ్ల వెడల్పున పేరుకుని ఆరింది. ఆ రంగులో వేళ్ల గుర్తులున్నాయి. ఎడమ పక్క నాలుగు, కుడి పక్క నాలుగు. దుమ్ములో పడ్డవి కావు, రంగులోకి దిగినవి. ప్రతి గుర్తూ కిందికి జారి ఉంది. ఏడడుగుల ఎత్తున ఉన్న అంచు పట్టుకుని ఒక మనిషి ఒంటిని పైకి లాక్కున్నాడు. జారిపోయాడు. మళ్లీ పట్టుకున్నాడు. కుడి పక్క ఒక గుర్తు మీద ఇంకోటి ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి కాను గానీ ఎనామిల్ గురించి నాకు తెలిసినంత ఈ కోర్టులో ఎవరికీ తెలియదు. కొట్టిన మూడు గంటల లోపు వేలు పెడితే రంగు మళ్లీ కలిసిపోతుంది, గుర్తు నిలవదు. ఎనిమిది గంటలు దాటితే వేలు దిగదు. పైన పొర కట్టి లోపల మెత్తగా ఉన్నప్పుడే ఇలాంటి గుర్తు పడి నిలుస్తుంది. నా ఆఖరి పూత ఎనిమిదీ నలభైకి. కాబట్టి ఆ వేళ్లు పడింది బుధవారం మధ్యాహ్నం పన్నెండుకీ నాలుగున్నరకీ మధ్య. సోమవారం నుంచి ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషి వేళ్లు బుధవారం మధ్యాహ్నం నా రంగులోకి ఎలా వచ్చాయో వాళ్లని అడగండి. కమిటీ వెళ్లాక కూడా ఆయన బతికే ఉన్నాడు. ఇది నా లెక్క. నేను నిద్రపోయిన ఆ మధ్యాహ్నం.

"చూస్తావేం, గీకెయ్" అన్నాడు కింద నుంచి హెడ్ వార్డరు. ఈ గరుకు కాగితం పనికిరాదు సార్, సన్నరకం కావాలి, కొట్టుకెళ్లి తెస్తానన్నాను. మూత మళ్లీ వేసి దిగాను. డబ్బాలు, స్టూలు అక్కడే వదిలేశాను, తిరిగొస్తానని నమ్మాలి కదా. తొమ్మిదీ నలభైకి గేటు దాటాను. కొట్టుకి వెళ్లలేదు. తిన్నగా ఇక్కడికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. పదకొండూ యాభైకి బంట్రోతు పిలిచాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఇది. తెలుసు. అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టినందుకు, ఆ మూత వేసినందుకు నాకు ఏ శిక్ష వేసినా కాదనను. డాక్టరమ్మకి నా మాటగా ఒకటి చెప్పండి. నేను చీపుర్లన్నది అబద్ధం. మనిషి.

నేను చెప్పిందే ఇందులో రాశారు, ఎక్కువా తక్కువా లేదు. చదివి వినిపించారు, నేను కూడా ఒకసారి చదువుకున్నాను. ఇది నిజం. నా సంతకం ఇదివరకు అబద్ధం కింద కూడా పడింది గనక, దాన్నొక్కదాన్నే నమ్మమని అడగలేను. పక్కన వేలిముద్ర కూడా వేస్తున్నాను.

(సాక్షి సంతకం)
(సాక్షి ఎడమచేతి బొటనవేలి ముద్ర)
సమయం: మధ్యాహ్నం ఒంటిగంట నలభై

సంతకం అయ్యాక సాక్షి చెప్పిన మాట, అతను కోరగా చేర్చాం:

అయ్యా, ఆ వేళ్ల గుర్తులు చూడ్డానికి మనుషుల్ని భోజనం తరవాత పంపుదామని అనుకుంటున్నారేమో, వద్దు. నేను గరుకు కాగితం తేలేదని ఈపాటికి వాళ్లకి తెలిసిపోయి ఉంటుంది. ఈ ఊళ్లో ఇంకా ఇద్దరు పెయింటర్లున్నారు. ఇద్దరూ నాకంటే పనిమంతులు. ఆ అంచు నున్నగా చెయ్యడానికి వాళ్లకి పావుగంట చాలు.